కట్ట దగ్గర కొలత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ చుట్టాలందరికీ ముందే చెప్పి పెడుతుంది. లాల్‌గడి మలక్‌పేట్‌లో పంచాయతీ సెక్రటరీగా చేరిన రెండో వారానికే ఆ సంగతి ఊరికి కూడా తెలిసిపోయింది. అందుకు కారణం జంగమ్మ.

2019 ఎండాకాలం. యాప్రాల్ నుంచి స్కూటీ మీద రోజూ వచ్చిపోయేదాన్ని. ఉద్యోగం కొత్త, కుర్చీ కొత్త, రబ్బరు స్టాంపు మరీ కొత్త. ఒకరోజు పొద్దున్నే అరవై ఏళ్లుంటాయేమో, పొట్టిగా, చకచకా నడిచే ఒక మనిషి వచ్చి, నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం నా బల్ల మీద విప్పింది. ఉపాధి హామీ పని కావాలని దరఖాస్తు. మా దగ్గర ఆ పనిని ఎవరూ అంత పెద్ద పేరుతో పిలవరు, కరువు పని అంటారు. ఊరు ఏనాడో కరువు దాటి ప్లాట్ల దాకా వచ్చింది గానీ, పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఈ ఊళ్లో ఆ పని అడిగేవాళ్లు ఎవరూ లేరనీ, పని వస్తే కబురు చేస్తాననీ చెప్పాను. ఆమె కదల్లేదు. కాగితం ముట్టినట్టు రసీదు కావాలంది. రేపు రమ్మన్నాను. సరేనని వెళ్లి ఆఫీసు గడప మీద కూర్చుంది. పన్నెండుకు సద్ది మూట విప్పి తింది, నాకూ ఇంత మామిడికాయ తొక్కు పంపింది. నాలుగింటికి ఇక నా ఒళ్లు మండి, రసీదు రాసి స్టాంపు దడేల్మని గుద్దాను. చదువు రాని మనిషి, అయినా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముద్ర తలకిందులుగా పడిందని చెప్పి మళ్లీ వేయించుకుంది.

ఇంత పట్టుదల ఎందుకవ్వా అని అడిగాను.

"అడిగేటోళ్లు లేకుంటే అక్కెర లేదని రాసుకుంటరు బిడ్డ. ఒక్కపారి గట్ల రాసిన్రంటే, మళ్ల తెరిపియ్యాలంటే పానం మీదికొస్తది" అంది.

ఆ మాట నాకప్పుడు ఛాదస్తంలా అనిపించింది. తర్వాత ఆమె బతుకు కొంచెం కొంచెంగా తెలిసింది. జంగమ్మ పుట్టిల్లు రావల్కోల్. పెళ్లయి ఇక్కడికి వచ్చేనాటికి ఊరి చుట్టూ ద్రాక్ష తోటలు. పదేళ్లు పందిళ్ల కింద వంగి వంగి గుత్తులు కోసింది. ఒక ఏడు కాయ కొనేవాళ్లు రాలేదు, మరో ఏడు తెగులు వచ్చింది, మూడో ఏడు తోటలో హద్దురాళ్లు పాతారు. అక్కడి నుంచి ఇళ్ల పనికి పోయింది. ఇటుకలు మోసింది, కాంక్రీటు మోసింది. సిమెంటు ధర ఎగిరినప్పుడు ఒకసారి, పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఒకసారి మేస్త్రీ ఇంటికి పొమ్మన్నాడు. ఎక్కడ ఏం జరిగినా ముందు ఆగిపోయేది తన నెత్తి మీది గంపేనని ఆమెకు నలభై ఏళ్ల అనుభవం. మిగతా పనులన్నీ మొహం చాటేసినప్పుడు రమ్మని పిలిచింది కరువు పని ఒక్కటే. పథకం వచ్చిన కొత్తలో ఇచ్చిన జాబ్ కార్డును ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది. భర్త నర్సయ్య శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి తెచ్చేవాడు, అమ్మే బాధ్యత కూడా ఈమెదే.

ఊరు బాగుపడుతున్న కొద్దీ కరువు పనికి వచ్చేవాళ్లు తగ్గారు. చివరికి ఆరుగురు మిగిలారు, అందరూ అవ్వలే. వాళ్లకు జంగమ్మే మేట్. అంటే పనిచోట ఎవరెక్కడ తవ్వాలో గీత గీసి, హాజరు పిలిచే మనిషి. ప్లాట్లు అమ్మే జనార్ధన్ పటేల్ గ్రామసభలో లేచి, గజం ఇంత ధర పలికే ఊళ్లో కరువు పని ఉందంటే బయటివాళ్ల ముందు పరువు పోతుందనీ, ఏటా రాసే ఊరి కుంట పూడికతీత పనిని జాబితాలోంచి తీసేయమనీ అన్నాడు.

జంగమ్మ చీర చెంగు దులుపుకుని లేచింది. "గజం నీది పటేలా, గంప నాది. దాని జోలికి రాకు" అంది. సభంతా నవ్వింది, పటేల్ కూడా నవ్వాడు. పని జాబితాలోనే ఉండిపోయింది.

ఆమె కోడలు లత మాత్రం నవ్వలేదు. లత మేడ్చల్ దగ్గర ఒక కుట్టు యూనిట్‌లో పనిచేసేది. అక్కడ కుట్టిన చొక్కాలు ఓడలెక్కి పడమటి దేశాలకు పోతాయి. ఊళ్లోంచి లతతో కలిపి పదకొండు మంది ఆడపిల్లలు కంపెనీ బస్సులో, మెడలో ఐడీ కార్డులు వేసుకుని వెళ్లేవాళ్లు. అత్త మట్టి చీరతో ఎదురుపడితే లత తల తిప్పుకునేది. యూనిట్‌లో అడిగినవాళ్లకు మా అత్తమ్మ ఇంట్లోనే ఉంటుందని చెప్పేదట. కరువు పని మానమని మొగుడు జైపాల్‌తో చెప్పించేది కూడా. జంగమ్మ కోడలి మాట కాదనేది కాదు, వినేదీ కాదు. అయితే ఒక్క సంగతి ఆమెను లోపల గుచ్చేది. నలుగురిలో కోడలు తనను ఒక్కసారి కూడా అత్తమ్మా అని పిలవలేదు.

మరుసటి ఏడు మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చింది. ఎక్కడో సముద్రాల అవతల బట్టల దుకాణాలు షట్టర్లు దించుకుంటే ఇక్కడ లత మిషన్ ఆగిపోయింది. ఆర్డర్లన్నీ వెనక్కి పోయాయి, మళ్లీ పిలిచినప్పుడు రండి అన్నారు. జైపాల్ ఆటో ఇంటి ముందు పడి ఉంది, పదిరోజులకల్లా వెనక సీటులో కోడి గుడ్లు పెట్టింది. మనిషికి పన్నెండు కిలోల బియ్యం వచ్చాయి, కార్డుకు పదిహేను వందలు పడ్డాయి. ఆకలి తీరింది. కానీ నూనె, సబ్బు, లత పాపకు పాలు, నర్సయ్య బీపీ మాత్రలు బియ్యంతో రావు కదా. జంగమ్మ ఇంట్లోనే కాదు, పదకొండు ఇళ్లలోనూ అదే కథ.

ఆ రోజుల్లో టీవీలో పెద్ద పెద్దవాళ్లు కూర్చుని, బీద దేశాలు ఇలాంటి కుదుపును ఎలా తట్టుకుంటాయి, జనాన్ని ఆదుకునే ఏర్పాట్లు ఎక్కడున్నాయి అని గంటలకొద్దీ చర్చించేవాళ్లు. నేను అన్నం కలుపుకుంటూ వినేదాన్ని. మా ఊరి జవాబు నా బీరువాలో ఉంది మరి. ఏప్రిల్ ఆఖరులో ఉపాధి పనులు మొదలుపెట్టుకోవచ్చని ఉత్తర్వు రాగానే, కుంట పూడికతీతకు అంచనా, అనుమతి అన్నీ సిద్ధంగా దొరికాయి. జంగమ్మ ఏటా అడుగుతూ వచ్చింది కాబట్టే అవి బతికి ఉన్నాయి. నాతోపాటు ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి వేరే మండలంలో కొత్త పని మంజూరు చేయించుకోవడానికి మూడు వారాలు తిరిగింది. నేను మూడు రోజుల్లో గుంత తవ్వించాను. ఆ గొప్ప నాదేనని పైవాళ్లకు చెప్పుకున్నాను కూడా, అబద్ధమెందుకు.

జంగమ్మ గడప గడపకూ తిరిగింది. ఇది బిచ్చం కాదు, మన హక్కు, ఒక్క వారం వచ్చి చూడండి, పైసలు రాకపోతే నన్నడగండి అని మాటిచ్చింది. పది ఇళ్లు సరేనన్నాయి. పదకొండోది సొంత ఇల్లు. అక్కడ రెండు రోజులు పట్టింది. పాప పాలు అయిపోయిన రోజున లత కూడా తువ్వాల తలకు చుట్టుకుని బయలుదేరింది.

కుంటకు వచ్చేటప్పుడు కుట్టు పిల్లలు ఉత్త చేతులతో రాలేదు. ఇంట్లో ఉన్న గుడ్డముక్కలతో అందరికీ మాస్కులు కుట్టి తెచ్చారు, నాకు నా చీర రంగుదే. అవ్వలది ఒక గ్రూపు, పిల్లలది ఇంకో గ్రూపు. ఎవరి గుంతలు వారివి, తీసిన మట్టి మాత్రం అందరూ కలిసి కుంట కట్ట మీదే పోయాలి. మొదటి రోజే పిల్లల అరచేతులు బొబ్బలెక్కాయి. అవ్వల్లో గట్టి మనిషి నర్సమ్మ, జంగమ్మకు వరసకు ఆడబిడ్డ. ఆమె వాళ్లను చూసి ముసిముసిగా నవ్వుకుంది. ఆమె కడుపుమంట ఆమెది. చలికాలంలో ఒకరోజు కంపెనీ బస్సు ఆపి ఎక్కితే, మట్టి చీర తగులుతుందని ఈ పిల్లలే సీట్లో సర్దుకుని దూరం జరిగారట. అప్పటి నుంచి వాళ్లతో మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది.

అయినా మూడో రోజు గంప ఎత్తుకుని కట్ట ఎక్కుతూ నర్సమ్మ మోకాళ్లు మొరాయిస్తే, ఒక పిల్ల వచ్చి గంప అందుకుంది. అప్పటి నుంచి వంతులు వేసుకుని మరీ మోశారు. నర్సమ్మ మెచ్చుకోలేదు సరికదా, సగం మట్టి దారిలోనే పారబోస్తున్నారని సణిగింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. కరువు పనిలో రోజుకింత అని కట్టరు. ఎంత మట్టి తీశారో కొలిచి, దాన్ని బట్టి కూలి వేస్తారు. అందుకని గుంత తవ్వేటప్పుడు మధ్యలో ఒక చోట మట్టిని ముట్టుకోకుండా, పైన గడ్డితో సహా అలాగే వదిలేస్తారు. దాన్ని దిమ్మె అంటారు. తవ్వకముందు నేల ఎంత ఎత్తున ఉండేదో చెప్పే సాక్ష్యం అదొక్కటే. జంగమ్మ మొదటి రోజే పిల్లలకు ఇది చెప్పింది, వాళ్లూ శుక్రవారం దాకా బుద్ధిగా దిమ్మెలు వదిలారు.

శుక్రవారం సాయంత్రం నేనే నోరు జారాను. రేపు మండలం నుంచి పరమేష్ సార్ చెకింగ్‌కు వస్తారు, కొలతలు తీస్తారు, అంతా నీట్‌గా ఉండాలి అని చెప్పి స్కూటీ ఎక్కాను.

యూనిట్‌లో చెకింగ్ అంటే ఏమిటో ఆ పిల్లలకు ఆరేళ్లుగా ఒంటికి పట్టిపోయింది. చొక్కాకు దారం తోక ఒక్కటి కనిపించినా డబ్బా మొత్తం వెనక్కి వస్తుంది. శనివారం తెల్లవారగానే అందరికంటే ముందు కుంటకు వచ్చారు. గుంతల అంచులు తాడు పట్టి సరిచేశారు. కట్ట మీది మట్టిని ఇస్త్రీ మడతలా చదును చేశారు. గుంతల మధ్య అందం చెడగొడుతున్న దిమ్మెలను ఒక్కటి మిగలకుండా చెక్కేసి, చీపురుతో ఊడ్చారు. ఇంకో గంట దొరికితే ముగ్గు కూడా వేసేవాళ్లే.

నేనూ, టెక్నికల్ అసిస్టెంట్ పరమేష్ తొమ్మిదింటికి చేరేసరికి పదకొండు మంది వరసగా నిలబడి ఉన్నారు, మొహాలు వెలిగిపోతున్నాయి. పరమేష్ టేపు తీసి, గుంతలోకి చూసి, మళ్లీ చూసి, దిమ్మె ఏదమ్మా అని అడిగాడు. లత గర్వంగా చెప్పింది.

"తీసేసినం సార్. సాఫ్‌గ ఉన్నది సూడుండ్రి."

ముందు పరమేష్‌కు నవ్వు ఆగలేదు. తర్వాత టేపు చుట్టేశాడు. లోతుకు సాక్ష్యం లేకుండా కొలత రాస్తే రేపు తనిఖీలో తన ఉద్యోగం పోతుందన్నాడు. పక్క గుంతల లోతు చూసి రాయమన్నాను. కుంట నేల ఏటవాలు, ఒకచోటి లోతు ఇంకోచోట ఉండదన్నాడు. నేను అరిచాను. ఆరు రోజులు ఎండలో మాడిన మనుషులు మీ కళ్లకు కనిపించడం లేదా అన్నాను. నిజానికి ఆ కోపం సగం నా మీద నాకే. అతను ఓపికగా విని, తప్పు తనది కాదు కదా అన్నాడు. అది నిజం కావడంతో నాకు మరీ మండింది.

పిల్లల మొహాలు పాలిపోయాయి. ఒకమ్మాయి బొబ్బల చేతులు చూసుకుని ఏడ్చింది. ఇది మనకు అచ్చిరాదు, సోమవారం నుంచి వద్దు అని ఇంకో గొంతు అంది. లత తువ్వాల విప్పి మడతపెడుతోంది. ఈ మొదటి వారం గాలికి పోతే ఆ పదకొండు ఇళ్లలో ఒక్కటీ మళ్లీ ఈ గట్టు ఎక్కదు. పెద్ద నష్టం జంగమ్మకు. ఆమె మాట పోతుంది, ఇంట్లో కోడలి ముందు ఇక తలెత్తలేదు.

పరమేష్ కట్ట వైపు చూస్తూ, ఒక్క దారి ఉందన్నాడు. గుంత వదిలేసి కట్ట మీద పోసిన మట్టిని కొలవచ్చు. కానీ ఆ కట్ట రెండు గ్రూపులదీ. కొలిస్తే అందరికీ కలిపే కొలవాలి, ఒకే పనికి రెండు రకాల కొలతలు కుదరవు. పైగా పోసిన మట్టి వదులుగా ఉంటుంది కాబట్టి కొంత కోత పెట్టి రాస్తారు. దిమ్మెలు చక్కగా నిలబెట్టుకున్న అవ్వలకు ఆ కోత ఊరికే పడుతుంది. వాళ్లు ఒప్పుకుంటేనే.

అందరూ జంగమ్మ వైపు చూశారు. జనార్ధన్ పటేల్‌ను కూర్చోబెట్టిన నోరు, నాతో స్టాంపు రెండుసార్లు వేయించుకున్న నోరు అప్పుడు పెగల్లేదు. కట్ట మొదట్లో చతికిలబడింది. అడగవ్వా, నీ మాట కాదంటారా అని దగ్గరికి వెళ్లి అన్నాను.

"నోరు తెరిస్తే కోడలి కోసం అడిగిందంటరు. తెరవకుంటే కోడలు పోతది. ఏం జెయ్యాలె బిడ్డ?" అంది నాకు మాత్రమే వినపడేలా.

 ఆ అవ్వలు కూడా పస్తుల ఇళ్ల వాళ్లే, వాళ్ల కష్టంలోంచి తగ్గించుకోమని నేను మాత్రం ఏ మొహంతో అడగను?

అప్పుడు నర్సమ్మ మోకాళ్ల మీద చేతులాన్చి మెల్లగా లేచింది.  బస్సు సంగతి ఇప్పుడు బయటికి తీస్తుందనుకున్నాను.

"సారూ, గడ్డపార ఏసింది నేనే. నా దిమ్మె నాకున్నది. గని నా గంప కట్టెక్కిచ్చింది ఎవలు? గీ పోరీలే. వీళ్లు లేకుంటే నా మట్టి ఇంక గా గుంతలనే ఉంటుండె. గుంతల కొలిస్తే నా ఒక్కదాని కష్టమే దొరుకుతది. కట్ట మీద కొలువు, అందరిది దొరుకుతది."

ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం నేను వినడం అదే మొదలు. మిగతా అవ్వలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె, కోత ఎక్కువ పడితే మాత్రం నర్సమ్మ ఇంట్లో పుంజును కోయాల్సిందేనని షరతు పెట్టింది. పుంజు ముసలిదైపోయింది, ఉడకదు, నీ ఇష్టం అంది నర్సమ్మ. అందరూ నవ్వారు. పరమేష్ మళ్లీ టేపు విప్పాడు.

పిల్లలు తెల్లవారుజామున కట్టను అంత తీర్చిదిద్దారు కదా, కొలత అరగంటలో అయిపోయింది. వంకర టింకర కుప్పయితే కోత ఇంకా ఎక్కువ పెట్టేవాణ్ననీ, ఇంత సాఫీగా ఉన్న కట్టను తన సర్వీసులో చూడలేదనీ పరమేష్ ఒప్పుకున్నాడు. అవ్వలకు తగ్గింది ఒక పూట కూలి కూడా ఉండదు. పిల్లలకు ఆరు రోజుల కష్టమూ దక్కింది.

జంగమ్మ లేచి వెళ్లి నర్సమ్మ రెండు చేతులూ పట్టుకుంది. దూరం పాటించాలని చెప్పాల్సింది నేనే, ఆ కాసేపు ఊరి వైపు తిరిగి నిలబడ్డాను. నాకూ కళ్లు తడయ్యాయి, దాచుకోవడం ఎందుకు.

"ఏడ్వకు వదినె, మాస్కు తడిస్తే ఊపిరాడది" అంటోంది నర్సమ్మ.

ఆదివారం నాకు ఒక పట్టాన నిద్ర పట్టలేదు. కూలి వస్తుందంటే సరిపోతుందా, అంత అవమానం తిన్న పిల్లలు మళ్లీ వస్తారా అని. సోమవారం ఆరు కాకముందే స్కూటీ తీశాను. నేను కుంట చేరేసరికి పదకొండు మందికి ఇంకో ముగ్గురు తోడై గంపలతో నిలబడి ఉన్నారు. జంగమ్మ కట్ట మీద నిలబడి హాజరు పిలుస్తోంది. ఆమెకు కాగితం అక్కర్లేదు, పేర్లన్నీ నోటికే. నర్సమ్మతో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ వచ్చి, చివర్లో ఒక పేరు దగ్గర ఆగి గొంతు సవరించుకుంది.

"లతా" అంది.

"ఉన్న అత్తమ్మా" అంది లత, కుంట అవతలి గట్టుకు కూడా వినపడేలా.